వాన ఊళ్లో ఎడారి ధూపం

నిప్పుకణిక మీద పటికబెల్లం ముక్కలాంటి గింజ ఒకటి పడుతుంది. మొదట ఏమీ జరగదు. కాసేపటికి అంచులు మెత్తబడతాయి, సన్నటి బుడగలు లేస్తాయి, గింజ ఉన్నచోటే కుంగి తేనెరంగు మరకగా మారుతుంది. అప్పుడు లేస్తుంది పొగ. తెల్లగా, నిటారుగా, నిమ్మతొక్క పులుపూ దేవదారు చెక్క ఘాటూ కలిసిన వాసనతో. మనిషి తల ఎత్తు దాటాక అది చెదిరి, గాలి ఎటు పోతే అటు పోతుంది.

ఇది జరిగేది ఐర్లండులో. డబ్లిన్‌కు పడమరగా పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న మెయ్‌నూత్‌లో. రైలు దిగితే పక్కనే రాయల్ కెనాల్, నీళ్ల మీద బాతులు, గట్టు మీద గడ్డి. ఊరి కొసన 1795లో పుట్టిన సెయింట్ పాట్రిక్స్ కళాశాల. అందులో 1891లో తెరిచిన ప్రార్థనాలయం. చెక్కుడు పనితో 454 ఆసనాలు బారులు తీరి ఉంటాయి. పండగ పూజలకు అక్కడ వేసే ధూపంలో ముఖ్యమైన సరుకు సాంబ్రాణి. మెయ్‌నూత్‌లో కురిసే వాన లెక్క తీస్తే హైదరాబాదు కంటే ఎక్కువేం ఉండదు. కానీ మనకు నాలుగు నెలల్లో దబదబా పడేది వాళ్లకు పన్నెండు నెలలూ తుంపర్లుగా రాలుతుంది. రాళ్ల మీద నాచు, గోడల మీద ఐవీ తీగ, ఎటు చూసినా పచ్చదనం. అలాంటి ఊళ్లో కాలే ఈ గింజ మాత్రం వాన మొహం చాటేసిన నేల మీద పుట్టింది.

కళాశాల వాకిట్లోనే ఒక ముసలి యూ చెట్టు ఉంది. వయసు ఏడెనిమిది వందల ఏళ్లని అంచనా, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల నాటికి అది మొక్కో మానో అయి ఉండాలి. ఎర్రటి గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. దానికి తోడు, చాలా శంఖాకార వృక్షాల్లో ఉండే జిగురు కాలువలు దీని చెక్కలో ఉండవు. కోస్తే కారదు, కాలిస్తే ధూపం రాదు. 1535లో ఎనిమిదో హెన్రీకి లొంగిపోబోయే ముందురాత్రి సిల్కెన్ థామస్ అనే తిరుగుబాటు ప్రభువు దీని కింద కూర్చుని వీణలాంటి లూట్ వాయించాడని ఊళ్లో కథ చెబుతారు. లోపల పొగై లేచే చెట్టు స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. అది గాయపడితేనే పనికొస్తుంది.

ఆ చెట్టు పేరు బోస్వెల్లియా సాక్రా. ఒమన్ దక్షిణాన ధోఫార్, యెమెన్‌లో హద్రమౌత్, సముద్రం అవతల సోమాలియా దాని పుట్టిళ్లు. ఎనిమిది మీటర్లకు మించి పెరగదు. బెరడు పలచటి కాగితాల్లా పొరలు పొరలుగా ఊడుతుంది. కొన్ని చెట్లు మట్టి చాలక నేరుగా బండ మీదే మొలుస్తాయి. గాలికి పడిపోకుండా మొదలు దగ్గర ఉబ్బి, రాయిని వాటేసుకుని నిలబడతాయి. కోతగాడు మన్‌ఖఫ్ అనే చిన్న ఉలికత్తితో బెరడును రూపాయి బిళ్లంత మేర గీకుతాడు. పాలలాంటి చుక్కలు ఊరి, గాలి తగిలి గట్టిపడతాయి. పురుగు దూరకుండా, తడి ఆరిపోకుండా చెట్టు తన గాయాన్ని తానే మూసుకునే ఉపాయం అది. మొదటిసారి వచ్చినదానికి విలువ లేదు, గీకి పారేస్తారు. రెండు వారాలు ఆగి అదే చోట మళ్లీ గీకుతారు. ఆ తర్వాతి కోతల్లో వచ్చే లేత ఆకుపచ్చ, వెండి తెలుపు గింజలే మేలురకం.

ఈ చెట్టుకూ మనకూ ఒక గాలి చుట్టరికం ఉంది. జూన్‌లో కేరళ తాకి, రాయలసీమ దాటి, తెలంగాణ చేలల్లో దుక్కులు తడిపే నైరుతి రుతుపవనమే ధోఫార్ కొండలనూ తాకుతుంది. అక్కడివాళ్లు ఆ కాలాన్ని ఖరీఫ్ అంటారు, మన వ్యవసాయ శాఖ అన్నట్టే. కానీ అక్కడ పడేది వాన కాదు, పొగమంచూ తుంపరా. సెప్టెంబరు దాకా సముద్రం వైపు కొండవాలు పచ్చగా మారుతుంది, ఒంటెలు మంచులో మేస్తాయి. శిఖరం దాటి అవతలికి వెళ్తే ఎండిన నేల. మేలైన సాంబ్రాణి పండేది ఆ ఎండిన వైపునే. తడి ఎక్కువైతే జిగురు నాణ్యత పడిపోతుందని కోతగాళ్ల మాట. తడికి దగ్గరగా, తడికి అందకుండా: ఆ సన్నని అంచు మీదే బతుకుతుంది ఆ చెట్టు. ధోఫార్‌లోని వాదీ దౌఖా తోటనూ, పాత రేవులనూ కలిపి యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

బైబిల్ చదివిన తెలుగువాళ్లకు సాంబ్రాణీ బోళమూ కొత్త కాదు. క్రిస్మస్ నాటకంలో తూర్పు జ్ఞానుల చేతుల్లో రంగుకాగితం చుట్టిన డబ్బాలుగా కనిపిస్తాయి. వాటిని మోసుకొచ్చే అరబ్బులు మాత్రం ఆ పుస్తకంలో పక్కపాత్రలుగా వచ్చిపోతారు. యోసేపును 20 వెండి నాణేలకు కొన్న ఇష్మాయేలీయుల బిడారు, సొలొమోను కొలువుకొచ్చిన షేబ రాణి, కేదారు నల్లగుడారాలు, యెహోషాపాతు రాజుకు 7,700 పొట్టేళ్లూ 7,700 మేకపోతులూ తోలుకొచ్చిన మందల కాపరులు, యెరూషలేము గోడ కడుతుంటే నెహెమ్యాను వెక్కిరించిన గెషెము. ఒక్కొక్కరికి ఒకటి రెండు వాక్యాలు. ప్రకృతి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. గుళ్లలో పొగ, రాజుల ఒంటికి పరిమళం, శవాలకు లేపనం, పడవలకు తారు, ఇవన్నీ ఆ పక్కపాత్రలు ఎడారిని చదవగలగడం వల్ల వచ్చినవే. నా మటుకు నాకు అసలు వింత షేబ రాణి బంగారం కాదు, ఆమె ఒంటెలు అంత దూరం ఎలా నడిచాయన్నది.

అరబ్బుల పేరు చరిత్రలో మొట్టమొదట కనబడేది ఒంటెలతోనే. క్రీస్తుపూర్వం 853లో ఒరాంటెస్ నది ఒడ్డున కర్కర్ దగ్గర అస్సీరియా రాజు మూడో షల్మనేసర్‌ను చిన్న రాజులంతా కలిసి ఎదిరించారు. విజయగాథ చెక్కించిన రాతి మీద ఆ రాజు శత్రువుల జాబితా ఇచ్చాడు. ఇశ్రాయేలు రాజు అహాబు 2,000 రథాలు, 10,000 కాల్బలం తెచ్చాడట. అదే జాబితాలో అరబ్బువాడు గిందిబు, 1,000 ఒంటెలతో. గిందిబు అంటే మిడత అనే అర్థం వస్తుందని పండితులు చెబుతారు. ఎడారి మనిషికి తగిన పేరే.

ఈ రాత చదవడం వెనుక ఐర్లండు చెయ్యి కూడా ఉంది. కార్క్‌లో పుట్టి, కౌంటీ డౌన్‌లోని కిల్లిలే అనే చిన్న ఊళ్లో పాదిరీగా బతుకులో ఎక్కువ భాగం గడిపిన ఎడ్వర్డ్ హింక్స్ (1792–1866) మేకు గుర్తుల లిపి గుట్టు విప్పినవాళ్లలో ఒకడు. 1857లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని నలుగురికి విడివిడిగా ఇచ్చి పరీక్ష పెట్టింది. రాలిన్సన్, టాల్బట్, ఒప్పెర్ట్, హింక్స్. నాలుగు అనువాదాలూ ముఖ్యమైన చోట్ల కలిశాయి. ఆ లిపి ఉన్న మట్టి పలకలు కొన్ని ఇప్పుడు మెయ్‌నూత్‌లోనే, ప్యూజిన్ గీసిన గోథిక్ భవనంలోని రస్సెల్ లైబ్రరీలో, ఎన్నో భాషల బైబిళ్ల పక్కన ఉన్నాయి. మెసొపొటేమియా బురద ఐర్లండు చలిలో భద్రంగా ఉండటం అనుకుంటే నవ్వొస్తుంది. కానీ ఎండిన మట్టికి కావలసింది అదుపులో ఉన్న పొడిగాలి, అది లైబ్రరీ లోపల దొరుకుతుంది.

ఇక ఒంటె. మూపురంలో నీళ్లుంటాయని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు. ఉండవు, అందులో ఉన్నది కొవ్వు. అసలు కిటుకులు వేరేచోట ఉన్నాయి. మన ఒంటి వేడి రెండు డిగ్రీలు పెరిగితే మంచమెక్కుతాం. ఒంటె మాత్రం దాహంగా ఉన్నప్పుడు తన వేడిని తెల్లవారుజామున 34 డిగ్రీలకు దించి, మధ్యాహ్నం 40 దాటేదాకా పెరగనిస్తుంది. అందాకా చెమట పట్టాల్సిన పని లేదు. వదిలే ఊపిరిలోని తడిని ముక్కు లోపలి మడతలు చల్లబరిచి వెనక్కి లాక్కుంటాయి. ఒంటి బరువులో పాతిక శాతం మేర నీరు పోయినా నిలబడుతుంది. తర్వాత బావి దొరికితే పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్ల దాకా తాగుతుంది. మిగతా జంతువులు ఒక్కసారిగా అంత తాగితే రక్తకణాలు పగిలిపోతాయి. ఒంటె ఎర్రకణాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, రెట్టింపుకు పైగా ఉబ్బినా చిట్లవు. దక్షిణ ఇశ్రాయేలులోని అరాబా లోయ రాగి గనుల దగ్గర దొరికిన ఒంటె ఎముకలను బట్టి, ఆ ప్రాంతానికి మచ్చికైన ఒంటెలు క్రీస్తుపూర్వం పదో శతాబ్దం చివరి భాగంలో వచ్చాయని 2013లో పురావస్తు పరిశోధకులు తేల్చారు. ధోఫార్ చెట్టు జిగురు మధ్యధరా తీరానికి చేరాలంటే ఈ ఒంటెలే మోయాలి.

ఆ దారి ఎంత పొడవో రోమన్ రచయిత ప్లినీ లెక్క రాశాడు. యెమెన్‌లోని తిమ్నా నుంచి గాజా దాకా ఒంటెల మజిలీలు 65. దారిలో నీళ్లకూ, మేతకూ, బసకూ, కాపలాకూ, సుంకాలకూ కలిపి ఒక్కో ఒంటెకు 688 దెనారాలు ఖర్చు. ప్రతి మజిలీలో ఎవరికో ఒకరికి చేతులు తడపాలి. తేమా, దెదాను వంటి ఒయాసిస్సులు అలా బతికాయి. బబులోను రాజు నబొనిదస్ రాజధాని వదిలేసి పదేళ్లపాటు తేమాలో కాపురం పెట్టాడు. ఎందుకన్న దానిపై పండితులు ఇంకా వాదులాడుకుంటున్నారు; నీటి ఊటలూ ఖర్జూర తోటలూ బిడారుల బాటా ఒకచోట కలిసే ఊరు ఏ రాజుకైనా చేదుకాదు.

ఒంటె లేని అరబ్బు ఏమవుతాడో అషుర్‌బనిపాల్ శాసనాలు చెబుతాయి. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో ఆ అస్సీరియా రాజు బావుల దగ్గర కాపలా పెట్టి అరబ్బు తెగలను ఎడారిలోనే దిగ్బంధించాడు. దాహం తట్టుకోలేక వాళ్లు ఒంటెల పొట్టలు చీల్చి అందులోని నీళ్లూ నెత్తురూ తాగారట. కొల్లగొట్టిన ఒంటెలు నీనెవె సంతకు ఎన్ని వచ్చాయంటే వెల షెకెలు కంటే కిందికి పడిపోయి, తోటమాలికీ బీరు కాసేవాడికీ బహుమానంగా ఒంటెలిచ్చారని రాయించుకున్నాడు. గొప్పలు కొంత తీసేసినా, ఎడారిలో కోటను ముట్టడించనక్కర్లేదు, బావిని ముట్టడిస్తే చాలు అన్న సంగతి మిగులుతుంది.

ఈ పాఠం నబతీయులు బాగా ఒంటబట్టించుకున్నారు. పెట్రా రాతినగరం కట్టకముందే వాళ్లు నేల కింద పెద్ద తొట్లు తవ్వి, లోపల గారపూసి, పైన మూతి మాత్రం ఇరుగ్గా ఉంచి, వాననీటితో నింపి, తమకు తప్ప మరొకరికి తెలియని గుర్తులతో కప్పేసేవాళ్లని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. శత్రువు వస్తే ఎడారిలోకి జారుకోవడమే వాళ్ల యుద్ధం. మృత సముద్రం నడుమ అప్పుడప్పుడు నల్లటి తారుగడ్డలు పైకి తేలేవి. దూరం నుంచే ఘాటు వాసన కొట్టేది, ఇళ్లలోని వెండీ ఇత్తడీ నల్లబడేవి. ఆ సూచన తెలియగానే రెల్లు తెప్పల మీద గొడ్డళ్లతో బయల్దేరి, తారును ముక్కలుగా నరికి, ఈజిప్టుకు అమ్ముకునేవాళ్లు. మనిషి మునగని ఉప్పు సరస్సు, దాని మీద తేలే తారు, దాన్ని మమ్మీల తయారీకి కొనే దేశం. ఇంత చిత్రమైన బేరం నేను మరొకటి వినలేదు.

బేరంతో పాటు కోతలూ ఉండేవి. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దపు గ్రీకు రచయిత హెరొడోటస్ అరేబియా సుగంధాల గురించి విన్నవన్నీ రాసిపెట్టాడు. సాంబ్రాణి చెట్లకు రంగురంగుల చిన్న రెక్కపాములు కాపలా ఉంటాయి, మరో జిగురు పొగబెడితే తప్ప కదలవు. దాల్చినచెక్క పుల్లలతో పెద్ద పక్షులు కొండకొమ్మున గూళ్లు కడతాయి. కింద ఎద్దుమాంసం ముద్దలు పెడితే అవి ఎత్తుకెళ్తాయి, బరువుకు గూడు కూలుతుంది, పుల్లలు ఏరుకోవాలి. లడనం అనే జిగురు మేకపోతుల గడ్డంలో దొరుకుతుంది. అక్కడి గొర్రెల తోకలు ఎంత పొడవంటే కింద చిన్న బండి కట్టాలి. దాల్చినచెక్క కథలు సరుకు ధర పెంచడానికి అల్లినవని తర్వాత ప్లినీ విసుక్కున్నాడు. పాములూ పక్షులూ కట్టుకథలే. దాల్చినచెక్క అసలు అరేబియాలో పండనే పండదు, అది మన వైపు సముద్రం మీంచి వెళ్లిన సరుకు. ఎక్కడ పండుతుందో చెబితే మధ్యవర్తి బతికేదెలా? కానీ నమ్మశక్యం కాని మేకగడ్డం సంగతే నిజం. సిస్టస్ పొదల ఆకుల మీది జిగురు, మేసే మేకల బొచ్చుకు అంటుకుంటుంది, దాన్ని దువ్వి తీస్తారు. యోసేపును ఈజిప్టుకు తీసుకెళ్లిన బిడారు మోసిన సరుకుల్లో ఒకటి ఈ లడనమేనని చాలామంది పండితుల అభిప్రాయం. కొవ్వు తోక గొర్రెలూ ఉన్నాయి, బండి ఒక్కటే ఎక్కువ.

బైబిల్‌లో ఎడారి ప్రకృతిని కళ్లారా చూసినవాడు రాసిన పుస్తకం ఏదంటే యోబు గ్రంథమే అంటాను. యోబు ఊజు దేశపువాడు, అతని ఎద్దులనూ గాడిదలనూ తోలుకుపోయినవాళ్లు షెబాయీయులు, అతని బాధలో గుర్తొచ్చేవి నీళ్లుంటాయని వాగు దగ్గరికొచ్చి మోసపోయిన తేమా బిడారులు. చివర్లో దేవుడు సమాధానంగా ఇచ్చేది ఉపదేశం కాదు, జంతువుల ఊరేగింపు. కొండమేక ఎప్పుడు ఈనుతుంది, అడవి గాడిదకు పగ్గం ఎవరు విప్పారు, డేగ దక్షిణానికి ఎలా ఎగురుతుంది అంటూ. ఈ గ్రంథానికి 1939లో పెద్ద వ్యాఖ్యానం రాసిన ఎడ్వర్డ్ కిసాన్ మెయ్‌నూత్ ఆచార్యుడే. 1942 నుంచి 1959 దాకా ఆ కళాశాల అధ్యక్షుడు కూడా.

ఆ ఊరేగింపులో నిప్పుకోడికి మాత్రం అన్యాయం జరిగింది. గుడ్లను ఇసుకలో వదిలేసే కఠినురాలని దాని మీద నింద. నిజానికి పగలు ఇసుకరంగు పెట్ట, రాత్రి నల్లటి పుంజు వంతులవారీగా పొదుగుతాయి. ఏ వేళకు ఏ రంగు కంటబడదో ఆ వేళకు ఆ పక్షి. గుర్రాన్నీ రౌతునూ చూసి నవ్వుతుందన్న మాట మాత్రం నిజమే, అది పరుగెత్తితే గంటకు 70 కిలోమీటర్లు. గుర్రం నుంచి తప్పించుకుంది గానీ జీపునూ తుపాకీనీ తప్పించుకోలేకపోయింది. అరేబియా నిప్పుకోడి ఇరవయ్యో శతాబ్దం నడుమ అంతరించింది. సిరియా అడవి గాడిదల్లో బోనులో మిగిలిన చివరిది 1927లో వియన్నా జూలో చనిపోయింది. దాని దగ్గరి చుట్టం ఇప్పటికీ కచ్ చిన్న రణ్‌లో పరుగెడుతోంది, చూడాలనుకునేవాళ్లు గుజరాత్ వెళ్లొచ్చు. అరేబియా ఓరిక్స్ జింక 1972లో ఎడారిలో పూర్తిగా లేకుండాపోయి, జూల్లో పెంచినవాటిని 1982లో ఒమన్‌లో వదిలాక మళ్లీ మంద కట్టింది. ఊరేగింపులో వెనక్కి తిరిగొచ్చినవి అరుదు.

మిడతల సంగతి మనకూ అనుభవమే. మిద్యానీయులు ఒంటెల మెడల్లో చంద్రహారాలతో మిడతల దండులా వచ్చిపడ్డారని న్యాయాధిపతుల గ్రంథం చెబుతుంది. 2018లో రెండు తుపానులు అరేబియా ఖాళీ ఎడారిలో వాన కురిపించి గుంటలు నింపాయి. తడి ఇసుకలో ఎడారి మిడత తరం వెనుక తరం పెరిగింది. విడిగా బతికే పిరికి పురుగు, రద్దీలో ఒకదానికొకటి రాసుకునేసరికి రంగూ నడతా మార్చుకుని దండు కట్టింది. 2020లో ఆ సంతతే రాజస్థాన్ మీదుగా మహారాష్ట్ర దాకా వచ్చింది. తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో మందు పిచికారీకి సిద్ధం చేసుకుని కూర్చున్నారు. షేబ దేశపు అవతలి ఇసుకలో వాన పడితే ఆదిలాబాద్ పత్తిరైతు గుండె దడ పెరుగుతుంది.

సాంబ్రాణి దగ్గరికి తిరిగొస్తాను, ఎందుకంటే కబురు మంచిది కాదు. ధోఫార్ చెట్టుకు ఆఫ్రికాలో ఒక చుట్టం ఉంది, బోస్వెల్లియా పాపిరిఫెరా. ఇథియోపియా, ఎరిత్రియా, సూడాన్‌లలో పెరుగుతుంది. నేటి ప్రపంచ వ్యాపారంలో పెద్ద వాటా దానిదే. మంటలూ, పశువుల మేతా, విడుపు లేని కోతలూ కలిసి కొత్త మొక్కలు పైకి రాకుండా చేస్తున్నాయనీ, ఇలాగే సాగితే ఇరవై ఏళ్లలో దిగుబడి సగానికి పడిపోతుందనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చెట్టుకు గాయాలెన్ని చేయాలో, ఎన్నేళ్లు విడుపు ఇవ్వాలో పాత అరబ్బు కోతగాళ్లకు తరతరాల లెక్క ఉండేది. సుగంధ నూనెల గిరాకీ ఆ లెక్కను పక్కకు తోసేసింది.

మన అడవిలో ఇదే కథ తపసి చెట్టుకు జరిగింది. చెంచులూ ఇతర గిరిజనులూ తపసి బంక తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. గొడ్డలితో లోతుగా నరికి తీసినన్నాళ్లూ చెట్లు నిలువునా చచ్చాయి. విశాఖపట్నం కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు వచ్చి, పైపొర మాత్రమే సన్నగా గీకే పద్ధతి నేర్పాక బంక శుభ్రంగా వస్తోంది, చెట్టూ బతుకుతోంది. నల్లమలలోని అందుగు చెట్టు, మనం పరంగి సాంబ్రాణి అని కొనే గింజలిచ్చేది, బైబిల్ సాంబ్రాణి చెట్టు ప్రజాతికి చెందినదే. అదే ప్రజాతిలో మరొకటి, కొండ సాంబ్రాణి, బోస్వెల్లియా ఓవలిఫోలియోలేటా, శేషాచలం కొండల్లోనూ వాటి చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. జిగురు కోసం నరికేవాళ్లూ, కార్చిచ్చులూ దాన్ని ముప్పున్న చెట్ల జాబితాలోకి నెట్టేశాయి. కాగితంలా పొరలు ఊడే బెరడును బట్టి దాన్ని పోల్చుకోవచ్చు. తిరుమల కొండల్లో నడిచేవాళ్లకు అది కనిపిస్తే చూడండి, పిల్లలకు చూపించండి. బెరడు మాత్రం గిల్లకండి.